లంక రాజుల పట్టికలో మన సింగుపురం

పోయిన ఏడాది మన క్లబ్ క్విజ్‌కి ప్రశ్నలు రాసింది నేనే. అడిగిందీ నేనే. చివరి రౌండ్లో ఒక ప్రశ్న పెట్టాను: "పన్నెండో శతాబ్దంలో శ్రీలంకను ఏలిన నిశ్శంకమల్లుడు ఎక్కడ పుట్టాడు?" నా చేతిలోని కాగితం మీద జవాబు "శ్రీకాకుళం జిల్లా సింగుపురం" అని ఉంది. ఒక జూనియర్ల టీమ్ "కళింగంలోని సింహపురం" అంది. నేను తప్పు అన్నాను. పక్క టీమ్ వాళ్లు మన జిల్లా వాళ్లే కాబట్టి గట్టిగా "సింగుపురం!" అని అరిచారు. పది పాయింట్లు వాళ్లకి వేశాను. ఆ పది పాయింట్ల తేడాతోనే జూనియర్లు ఓడిపోయారు.

అయిపోయాక ఆ టీమ్‌లోని అమ్మాయి వచ్చింది. గొడవ పడలేదు. "అన్నయ్యా, సింగుపురం అని ఎక్కడ రాసుందో ఒక్కసారి చూపించండి, చాలు" అంది. ఫోన్ తీశాను. ఒక వీడియో కనపడింది, ఇంకో రెండు పోస్టులు కనపడ్డాయి. అవన్నీ ఒకదాన్నుంచి ఒకటి ఎత్తి రాసుకున్నవే. "రేపు చూపిస్తాను" అన్నాను. ఆ రేపు మూడు నెలలైంది.

ఎందుకంటే నిశ్శంకమల్లుడు ఎవరో తేలాలంటే ఆయనకి ముందు ఎవరు, తర్వాత ఎవరు అని చూడాలి. అది చూడబోతే ఒక లిస్టుకీ ఇంకో లిస్టుకీ పొంతన లేదు. సరే, నేనే లంక రాజుల పట్టిక ఒకటి సరిగ్గా తయారు చేద్దామని కూర్చున్నాను. విజయుడితో మొదలుపెట్టి 1815లో క్యాండీ రాజ్యం పోయేదాకా, నూటయాభై దాటిన పేర్లు. ఈ వ్యాసం ఆ పట్టిక కాదు. అది చేస్తూ ఎక్కడెక్కడ కాలు జారానో, ఎలా లేచానో చెప్పడానికి రాస్తున్నాను. రేపు మీలో ఎవరైనా మన గంగరాజుల పట్టికో, మందస జమీందార్ల పట్టికో, మీ ఊరి కరణాల పట్టికో రాయబోతే పనికొస్తుంది.

లంకతో మనకేం పని అని అడిగేవాళ్లకి రెండు మాటలు. మన వంశధార ఒడ్డున శాలిహుండం ఉంది, నది సముద్రంలో కలిసేచోట కళింగపట్నం రేవు ఉంది. సరుబుజ్జిలి దగ్గర దంతపురం మట్టికోట ఉంది. బుద్ధుడి దంతం ఇక్కణ్ణించే లంకకి వెళ్లిందని మనవాళ్లు చెప్పుకుంటారు. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వచ్చే దారిలో సింగుపురం ఉంది. లంక గ్రంథాల్లో కళింగం పేరు వచ్చినంతగా మన గ్రంథాల్లో లంక పేరు రాదు. అంటే మన చరిత్ర కొంత వాళ్ల దగ్గర దాచి ఉంది.

తిత్లీకి ముందా, తర్వాతా?

ముందు మూడు చోట్ల నుంచి మూడు లిస్టులు తెచ్చి ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టాను. దుట్ఠగామణి అనే పేరున్న రాజు ఒకదాంట్లో క్రీ.పూ. 161లో గద్దెనెక్కాడు, ఇంకోదాంట్లో క్రీ.పూ. 101లో. మేఘవర్ణుడు ఒకదాంట్లో క్రీ.శ. 301, ఇంకోదాంట్లో 362. ఎవరో టైపింగ్‌లో తప్పు చేశారనుకున్నాను. కానీ తేడా ప్రతిసారీ దాదాపు అరవై ఏళ్లే. అన్నిచోట్లా ఒకే తేడా వస్తుంటే అది టైపింగ్ తప్పు కాదు, కొలబద్దలోనే ఏదో ఉందన్నమాట. మన ల్యాబ్‌లో దీన్నే జీరో ఎర్రర్ అంటాం.

దీన్ని అర్థం చేసుకోవడానికి మా అమ్మమ్మ సాయం చేసింది, తనకి తెలీకుండానే. మాది వజ్రపుకొత్తూరు వైపు ఊరు. ఉద్దానంలో ఏ సంగతి అడిగినా ఎవరూ ఏడాది చెప్పరు. "తిత్లీకి ముందా, తర్వాతా?" అంటారు. "మీ పిన్ని పెళ్లా? తుఫానుకి మూడేళ్ల ముందు. పెంకుటిల్లు కట్టిందా? పిన్ని పెళ్లయిన రెండేళ్లకి." తిత్లీ తుఫాను తీరం దాటింది 2018 అక్టోబర్ 11 అని మనకి తెలుసు కాబట్టి మిగతావన్నీ లెక్క కట్టొచ్చు: పెళ్లి 2015, ఇల్లు 2017. అమ్మమ్మ చెప్పిన "తుఫాను" తిత్లీ కాక 2013 నాటి ఫైలిన్ అయితే? లెక్క మొత్తం ఐదేళ్లు వెనక్కి జరిగిపోతుంది. పెళ్లికీ ఇంటికీ మధ్య రెండేళ్లు మాత్రం అలాగే ఉంటాయి.

లంక రాజుల లెక్క అచ్చం ఇలాంటిదే. పాలిలో రాసిన దీపవంశం, మహావంశం అనే గ్రంథాలు రాజు తర్వాత రాజు పేరు చెప్పి, ఎన్నేళ్లు ఏలాడో చెప్తాయి. తేదీలు చెప్పవు. మహావంశాన్ని మహానాముడనే భిక్షువు ఐదు–ఆరు శతాబ్దాల ప్రాంతంలో రాశాడంటారు. అది మహాసేనుడి దగ్గర ఆగుతుంది. తర్వాతివాళ్లు కలుపుతూ వచ్చిన భాగాన్ని చూళవంశం అంటారు. 1837లో జార్జ్ టర్నర్ మహావంశాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1912లో విల్‌హెల్మ్ గైగర్ ఇంకా జాగ్రత్తగా అనువదించాడు. వీటిలో తుఫాను లాంటి సంఘటన ఒకటే: బుద్ధుడి నిర్యాణం. విజయుడు లంకలో కాలు పెట్టింది ఆ రోజునే అంటుంది మహావంశం. బౌద్ధ సంప్రదాయం ప్రకారం అది క్రీ.పూ. 543.

ఇప్పుడు కూడండి. విజయుడు 38 ఏళ్లు. తర్వాత రాజు లేకుండా 1. పండువాసుదేవుడు 30. అభయుడు 20. మళ్లీ రాజు లేకుండా 17. పండుకాభయుడు 70. ముటశివుడు 60. మొత్తం 236. ఆ తర్వాత దేవానాంపియ తిస్సుడు, క్రీ.పూ. 307లో. ఈయన కాలంలోనే అశోకుడి కొడుకు మహేంద్రుడు లంకకి వచ్చాడు. అశోకుడి పట్టాభిషేకం బుద్ధ నిర్యాణం తర్వాత 218వ ఏట అని కూడా అదే గ్రంథం చెప్తుంది. 543లోంచి 218 తీసేస్తే క్రీ.పూ. 325.

ఇక్కడే చిక్కొచ్చింది. క్రీ.పూ. 325లో అలెగ్జాండర్ ఇంకా సింధు తీరంలో ఉన్నాడు. అశోకుడి తాత చంద్రగుప్తుడికే అప్పటికి రాజ్యం రాలేదు. మనవడికి పట్టాభిషేకం ఎలా అవుతుంది?

దీన్ని తేల్చింది అశోకుడి పదమూడో శిలాశాసనం. అందులో ఆయన తన కాలపు ఐదుగురు యవన రాజుల పేర్లు చెప్పుకున్నాడు: అంతియోకుడు, తురమాయుడు, అంతికినుడు, మగుడు, అలికసుందరుడు. వీళ్ల తేదీలు గ్రీకు చరిత్రల్లో విడిగా ఉన్నాయి. ఐదుగురూ ఒకేసారి బతికున్నది క్రీ.పూ. 250ల ప్రాంతం. కాబట్టి అశోకుడి పట్టాభిషేకం క్రీ.పూ. 268 దగ్గరికి వస్తుంది. దాంతో తిస్సుడు కూడా 307 నుంచి 247 దగ్గరికి జరగాలి. నా అరవై ఏళ్ల తేడా అదీ.

చిన్న పక్కదారి. ఆ పదమూడో శాసనంలో ఉన్నది కళింగ యుద్ధం కథ. కానీ కళింగంలోని రెండు చోట్లా, అంటే ధౌలిలోనూ మన ఇచ్ఛాపురం దాటాక గంజాం జిల్లాలో ఉన్న జౌగడలోనూ, అది చెక్కలేదు. పదకొండు, పన్నెండు, పదమూడు వదిలేసి వేరే రెండు శాసనాలు పెట్టారు. ఎవరిని చంపాడో వాళ్లకి ఆ లెక్క చెప్పడానికి మనసొప్పలేదు కాబోలు. మన గడ్డ మీద జరిగిన యుద్ధం గురించి చదవాలంటే మనం కర్నూలు వైపు ఎర్రగుడి వెళ్లాలి.

ఇక ఆ పాత రాజుల ఏళ్ల సంగతి. పండుకాభయుడు 37వ ఏట గద్దెనెక్కి 70 ఏళ్లు ఏలి 107వ ఏట పోయాడు. కొడుకు ముటశివుడు 60 ఏళ్లు. ముటశివుడి కొడుకుల్లో తిస్సుడు 40, ఉత్తియుడు 10, మహాశివుడు 10, సూరతిస్సుడు 10, మధ్యలో సేనుడు, గుత్తికుడు అనే గుర్రాల వ్యాపారి కొడుకులిద్దరు ఆక్రమించుకుని 22, తర్వాత మళ్లీ ముటశివుడి కొడుకే అసేలుడు 10. పండుకాభయుడు పుట్టిన ఏడు నుంచి అసేలుడు పోయిన ఏటికి నేను లెక్కేశాను: క్రీ.పూ. 474 నుంచి 205. తాత, తండ్రి, మనవలు కలిసి 269 ఏళ్లు! అమ్మమ్మకి చెప్తే "ఏటి తిన్నార్రా ఆలు?" అంది. ఇంత సాగదీసిందెందుకో ఊహించొచ్చు. విజయుణ్ణి బుద్ధ నిర్యాణం రోజుకే కట్టేశారు, చేతిలో ఉన్న రాజుల పేర్లేమో తక్కువ. ఖాళీ నింపాలంటే ఉన్నవాళ్లనే ఎక్కువకాలం బతికించాలి.

కింది చివర ఇంకో మేకు ఉంది. సాహసమల్లుడనే రాజు పొలొన్నరువలో వేయించిన శాసనంలో తన పట్టాభిషేకం బుద్ధ నిర్యాణం తర్వాత 1743 ఏళ్ల 3 నెలల 27 రోజులకని చెక్కించాడు. లెక్కగట్టిన పండితులు దాన్ని 1200 ఆగస్టు 23, బుధవారం అని తేల్చారు. అంటే పైన అశోకుడి దగ్గర ఒక మేకు, కింద సాహసమల్లుడి దగ్గర ఒక మేకు. మధ్యలో తాడు అరవై ఏళ్లు ఎక్కువుంది. ఆ వదులుని ఎక్కడ ముడి వెయ్యాలన్నది ఒక్కో పండితుడు ఒక్కోలా తేల్చాడు. లిస్టులు తేడాగా ఉండటానికి కారణం అదే. నా పట్టికలో ఏ ఒక్కదాన్నీ కొట్టెయ్యలేదు. "సంప్రదాయ లెక్క", "సవరించిన లెక్క" అని రెండు కాలమ్‌లు పెట్టాను.

పలుకు, బద్ద, ముక్క

మా పెద్దమ్మ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేస్తుంది. జీడిపిక్క కొట్టి పొట్టు తీశాక పప్పంతా ఒక్క రాశిగా పోస్తారు. అందులోంచి పూర్తి పలుకు ఒకవైపు, నిలువునా విడిపోయిన బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. పూర్తి పలుకుల్లో మళ్లీ సైజులు: 180, 240, 320. అంటే పౌనుకి ఎన్ని తూగుతాయన్న లెక్క. ముక్కని ఎవరూ పారెయ్యరు, దానికీ ధరుంది. కానీ ముక్కని తీసుకెళ్లి పలుకుల డబ్బాలో వేస్తే మాత్రం లోడు వెనక్కొస్తుంది.

నా పట్టికలో ప్రతి రాజు పక్కనా ఆ మూడు మాటలే రాశాను. ఆ రాజు కాలపు శాసనం గానీ, బయటి దేశం వాళ్ల సాక్ష్యం గానీ దొరికి, అది గ్రంథంతో కలిస్తే పలుకు. గ్రంథం ఒక్కటే చెప్పి, దానికి అడ్డు వచ్చేదేమీ లేకపోతే బద్ద. కథ తప్ప ఇంకేం లేకపోతే ముక్క. విజయుడు ముక్క. సింహానికి మనవడని చెప్పే మనిషిని ఇంకెక్కడ పెట్టను? ఐదో మహిందుడు పలుకు: 1017లో రాజేంద్ర చోళుడు ఆయన్ని పట్టుకుపోయాడని ఆ దేశమూ చెప్తుంది, ఈ దేశమూ చెప్తుంది. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే మాట చెప్తే ఇక అనుమానం అక్కర్లేదు. మేఘవర్ణుడి దగ్గర చాలాసేపు ఆగాను. సముద్రగుప్తుడి దగ్గరికి మనుషుల్ని పంపి బుద్ధగయలో లంక భిక్షువులకి ఆరామం కట్టుకోడానికి అనుమతి అడిగాడని చైనా గ్రంథం ఒకటి చెప్తుంది. సముద్రగుప్తుడిది నాలుగో శతాబ్దం మధ్యభాగం. కాబట్టి మేఘవర్ణుడికి సవరించిన లెక్క బాగా నప్పుతుంది. పలుకే అని రాశాను.

ఈ మేఘవర్ణుడే మన దంతపురం కథలో రాజు. హేమమాల అనే రాకుమారి బుద్ధుడి దంతాన్ని కొప్పులో దాచుకుని, దంతకుమారుడితో కలిసి ఓడెక్కి లంకకి చేర్చిందన్న కథ మనందరికీ తెలుసు. ఆ కథ ఉన్నది దాఠావంశంలో. అది పదమూడో శతాబ్దం మొదట్లో రాసింది, అంటే సంఘటన జరిగిందన్న దానికి ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల తర్వాత. అంతకన్నా పాతదైన చూళవంశపు మొదటి భాగం ఏం చెప్తుందంటే, మేఘవర్ణుడి తొమ్మిదో ఏట ఒక బ్రాహ్మణ స్త్రీ కళింగం నుంచి దంతం తెచ్చింది, అంతే. రాకుమారీ లేదు, కొప్పూ లేదు. ఐదో శతాబ్దం మొదట్లో లంకలో రెండేళ్లున్న చైనా యాత్రికుడు ఫాహియాన్ దంతం ఊరేగింపు చూసి రాశాడు. కాబట్టి దంతం అప్పటికి లంకలో ఉందన్నది పలుకు, కళింగం నుంచి వెళ్లిందన్నది బద్ద, హేమమాల కొప్పు ముక్క. మన దంతపురానికి కూడా ఒక గట్టి సాక్ష్యం ఉంది. టెక్కలి ప్రాంతంలోని జిర్జింగిలో దొరికిన రాగిరేకుల్ని గంగరాజు ఇంద్రవర్మ దంతపురం నుంచే ఇచ్చాడు, గంగ శకం 39లో, అంటే సుమారు 535–537లో. ఆరో శతాబ్దంలో ఈ తట్టు దంతపురం అనే ఊరుందని అది చెప్తుంది. దంతం గురించి మాత్రం ఏమీ చెప్పదు.

ప్రైమరీ కీ ఎవరు?

సీఎస్ఈ వాళ్లకి ఈ భాగం నచ్చుతుంది. మొదట నేను రాజు పేరునే ప్రైమరీ కీ చేశాను. విజయబాహులూ పరాక్రమబాహులూ ఒకరి మీద ఒకరు పడ్డారు. సరే, పేరు పక్కన నంబరు పెడదామంటే, ఆ నంబర్లు రాజులు పెట్టుకున్నవి కావు, చరిత్రకారులు పెట్టినవి. ఒక్క రాజుని లెక్కలోంచి తీసేస్తే వెనకాల అందరి నంబర్లూ మారతాయి. సరే, వరస నంబరు కీ చేద్దామంటే లీలావతి వచ్చింది.

లీలావతి పరాక్రమబాహుడి రాణి. 1197లో ఆమెని గద్దె మీద కూర్చోబెట్టారు, 1200లో దింపారు. 1209లో మళ్లీ కూర్చోబెట్టారు, 1210లో దింపారు. 1211లో మళ్లీ. 1212లో పాండ్యుడొచ్చి దింపేశాడు. ఒక మనిషి, మూడు వరసలు. ఆ మధ్యకాలంలోనే ధర్మాశోకుడని మూడు నెలల పసివాడు రాజు. ఆ పిల్లాణ్ణి చంపి అణికంగుడు 17 రోజులు రాజు. అంతకుముందు వీరబాహువు ఒక్క రాత్రి రాజు. ఒక్క రాత్రి ఏలినవాణ్ణి లెక్కలో వెయ్యాలా? మన దగ్గర సెమిస్టర్ ఫీజు కట్టి ఒక్కరోజే వచ్చినవాడు కూడా రోల్స్‌లో ఉంటాడు కదా అని వేశాను.

చివరికి రెండు టేబుళ్లు చేశాను. ఒకటి మనుషులది, ఒకటి పాలనలది. మనిషికి ఒక ఐడీ, పాలనకి ఒక ఐడీ. లీలావతి మొదటి టేబుల్లో ఒక్కసారి, రెండోదాంట్లో మూడుసార్లు. 1521 తర్వాత కోట్టె రాజ్యం ముగ్గురు అన్నదమ్ముల మధ్య చీలిపోయినప్పుడు కూడా ఇదే కాపాడింది. ఒకే ఏడాదిలో ముగ్గురు రాజులున్నా టేబుల్ ఏడవదు. రాజు తర్వాత రాజు అని ఒకే వరసలో రాసే లిస్టుకి ఆ ముగ్గురిలో ఇద్దర్ని దాచక తప్పదు. యాళ్పాణంలోని ఆర్యచక్రవర్తుల్ని చాలా లిస్టులు అసలు తలవకపోవడానికి కారణం కూడా ఈ ఒకే వరస పిచ్చే అని నా అభిప్రాయం.

అయినా కొన్నిచోట్ల ఏ టేబులూ సాయం చెయ్యదు. యసలాలక తిస్సుడు అనే రాజుకి అచ్చు తనలాగే ఉండే శుభుడనే ద్వారపాలకుడు ఉండేవాడట. రాజు సరదాకి వాడికి నగలు పెట్టి సింహాసనం మీద కూర్చోబెట్టి, తను కర్ర పట్టుకుని వాకిట్లో నిలబడి, మంత్రులు వాడికి దండాలు పెడుతుంటే నవ్వుకునేవాడు. ఒకరోజు శుభుడు "నా ఎదుట ఈ కాపలావాడు నవ్వుతాడేంటి?" అని రాజుని చంపించేశాడు. ఆ తర్వాత ఆరేళ్లు ఏలాడు. మహావంశం ఇద్దర్నీ రాజులుగానే లెక్కపెట్టింది. నేనూ అంతే చేశాను.

ఇక అసలు సంగతి

నిశ్శంకమల్లుడు 1187 నుంచి 1196 దాకా ఏలాడు. పలుకుల్లో 180 రకం: ఏ రాజూ వేయించనన్ని శాసనాలు వేయించాడు. పొలొన్నరువలోని గల్‌పొత, అంటే రాతిపుస్తకం, ఎనిమిది మీటర్ల పైన పొడుగున్న ఒకే బండ. తాను కళింగంలోని సింహపురంలో జయగోపరాజుకీ పార్వతీదేవికీ పుట్టానని ఆయనే చెప్పుకున్నాడు. లంక కళింగ వంశానిదేననీ, చోళులూ కేరళులూ దానికి ఆశపడకూడదనీ కూడా చెక్కించాడు.

ఆయనకన్నా వందేళ్ల ముందు మొదటి విజయబాహుడు కళింగం నుంచి త్రిలోకసుందరి అనే రాకుమారిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె బంధువులు ముగ్గురు సింహపురం నుంచి వచ్చారని చూళవంశం చెప్తుంది. వాళ్లలో ఒకడి పేరు మధుకణ్ణవుడు. ఆ పేరు చదవగానే ఒళ్లు జలదరించింది. మన ముఖలింగం గంగరాజుల్లో మధుకామార్ణవుడు ఉన్నాడు, శక 960లో (క్రీ.శ. 1038) పట్టం కట్టుకున్న వజ్రహస్తుడికి పినతండ్రి. ముఖలింగంలో దేవుడి పేరు మధుకేశ్వరుడు. ఆ పేరు ఈ నేలదే. నిశ్శంకమల్లుడి తర్వాత లంకలో తొమ్మిది నెలలు ఏలిన అతని మేనల్లుడి పేరు చోడగంగు. అణికంగుడన్న పేరు మన అనియంకభీముడికి దగ్గర.

ఇక్కడే జారాను. చోడగంగు పక్కన "ముఖలింగం అనంతవర్మ చోడగంగదేవుడు?" అని రాసేశాను. రాశాక తేదీలు చూశాను. మన చోడగంగు పట్టాభిషేకం 1078, పోయింది 1147 ప్రాంతంలో. లంక చోడగంగు ఏలింది 1196లో. యాభై ఏళ్ల తేడా. పేరొకటైతే మనిషొకడు కాదు. మన ఊళ్లలో తాత పేరు మనవడికి పెట్టినట్టే. పేర్లు బంధుత్వాన్నో రాకపోకల్నో సూచిస్తాయి, అంతే. గంగరాజుల్లోనే ఎందరు వజ్రహస్తులు, ఎందరు ఇంద్రవర్మలు! నడగాం రాగిరేకుల్లో ఒక్కో రాజూ ఎన్నేళ్లు ఏలాడో ఉంది, ఒక కామార్ణవుడికి అరసంవత్సరం. నిశ్శంకమల్లుడి తండ్రి జయగోపుడి కోసం ఆ ప్రధాన వంశావళి అంతా వెతికాను. లేడు. గంగులకి లోబడిన చిన్న రాజవంశం వాడై ఉండొచ్చు.

మరి సింగుపురం? నరసన్నపేట దగ్గర కోమర్తిలో దొరికిన చండవర్మ రాగిరేకులు సింహపురం నుంచి ఇచ్చినవి. సింహపురం కళింగరాజులకి రాజధాని అనడానికి అది గట్టి సాక్ష్యం. పేరు పోలికా, దొరికిన చోటూ చూసి సింగుపురమే ఆ సింహపురమని చరిత్రకారులు అన్నారు. మంచి ఊహే, నేనూ నమ్ముతాను. కానీ చండవర్మది నాలుగైదు శతాబ్దాల కాలం. నిశ్శంకమల్లుడికీ ఆయనకీ మధ్య ఏడు వందల ఏళ్లు. పైగా మహావంశం విజయుడి సింహపురాన్ని లాళ దేశంలో పెట్టింది. ఆ పేరుతో ఊళ్లు ఒకటి కన్నా ఎక్కువున్నాయి. లంక చరిత్రకారుడు పరణవితాన అయితే నిశ్శంకమల్లుడి కళింగం మన కళింగమే కాదు, మలయా వైపుదని వాదించాడు. ఆ వాదాన్ని ఎక్కువమంది ఒప్పుకోలేదు. కానీ వాదం వచ్చిందంటేనే సందు ఉందన్నట్టు. కాబట్టి పట్టికలో ఇలా రాశాను: "పుట్టిన చోటు: కళింగ సింహపురం – పలుకు. అది నేటి సింగుపురం – బద్ద."

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. 1215లో లంక మీద పడి, ఆరామాలు కూల్చి, గ్రంథాలు చిందరవందర చేశాడని చూళవంశం ఏడ్చిన మాఘుడు కూడా కళింగం వాణ్ణనే చెప్పుకున్నాడు. నేను రాసిన క్విజ్ ప్రశ్నల్లో నిశ్శంకమల్లుడు ఉన్నాడు, మాఘుడు లేడు. ఆయన్ని ఏ ఊరివాడని అడగాలని నాకు తోచలేదు.

చివరి వరస దగ్గర కూడా ఒక తమాషా. క్యాండీని ఆఖర్న ఏలిన నలుగురు రాజులు మధుర నాయకుల బంధువర్గం, తెలుగువాళ్లు: శ్రీ విజయ రాజసింహుడు 1739లో మొదలుపెడితే, శ్రీ విక్రమ రాజసింహుణ్ణి 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని వేలూరు కోటకి పంపారు. 1832లో అక్కడే పోయాడు. అందరూ లిస్టుని అక్కడ ముగిస్తారు. కానీ 1948లో స్వతంత్రం వచ్చాక కూడా సిలోన్‌కి రాజు ఉన్నాడు: ఆరో జార్జి, 1952 నుంచి రెండో ఎలిజబెత్. 1972 మే 22న రిపబ్లిక్ అయ్యేదాకా ఆమే సిలోన్ రాణి. చట్టం ప్రకారం చూస్తే ఆఖరి వరస ఆమెదే. వేశాను. "పాలన ఆధారం" అని కొత్త కాలమ్ ఒకటి పెట్టి, అందులో "రాజ్యాంగం" అని రాశాను.

పట్టిక అయ్యాక మొదట పంపింది ఆ జూనియర్ అమ్మాయికే. రెండ్రోజులకి వెనక్కొచ్చింది. నిశ్శంకమల్లుడికి ముందు ఐదు రోజులు ఏలిన ఆరో మహిందుణ్ణి వదిలేశానట. ఒక్క రాత్రి రాజుని వేసి ఐదు రోజుల రాజుని మరిచిపోయాను. చేర్చాను.

పోయిన ఏడాది క్విజ్ చివరి రౌండ్లో నాలుగో ప్రశ్నకి "కళింగంలోని సింహపురం" అన్న జవాబు సరైనదే. ఆ పది పాయింట్లు ఆ టీమ్‌వి. కప్పు ఇప్పుడు ఆఫీసు రూమ్ బీరువాలో ఉంది. దాని మీద పేరు మార్పించడానికి క్లబ్ తరఫున అర్జీ పెట్టాను.